నలభై ఏడో నంబరు బిళ్ళ

వినాయక చవితి పందిట్లో తెల్లగుడ్డ కట్టి మా సినిమా వేసిన రాత్రి, చివర పేర్లు ఇంకా పడుతుండగానే ముందు చాప మీద కూర్చున్న ఒక పిల్లోడు లేచి, "అన్నా, 47 ఏమాయె?" అని అడిగాడు. జవాబు నా దగ్గర ఉంది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల జవాబు. దాన్ని కోసి పక్కన పెట్టిందీ నేనే.

నేను తిరుపతి కొర్లగుంటలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసి బతుకుతాను. ఆషాఢం వచ్చిందంటే మా కెమెరాలకూ, కంప్యూటర్లకూ, మాకూ కలిపి సెలవులు. ఆ ఖాళీలో నలుగురం కలిసి తీసిన గూఢచారి సినిమా ఇది. సినిమా అంటే యూట్యూబ్ సినిమానే. మొదటి భాగం 2022 ఆషాఢంలో, రెండోది 2025 ఆషాఢంలో. పేరు చెప్పను. వెతుక్కుని వెళ్ళి తిట్టేవాళ్ళు ఇప్పటికే సరిపడా ఉన్నారు.

మొదటి భాగం కథ మా సందులో ఉండే ఆర్టీసీ కండక్టరు మామది. ఆయనకు కొండ బస్సుల్లో డ్యూటీ. పొద్దున జుట్టుతో పైకి ఎక్కిన మనిషి సాయంత్రం గుండుతో దిగువకు వస్తుంటే, టికెట్ కొట్టిన తనకే గుర్తుపట్టడం కష్టమయ్యేదట. అక్కడ పుట్టింది కథ. శత్రువులు వెంటపడిన ఒక ఏజెంటు తిరుపతిలో రైలు దిగుతాడు. గుండు కొట్టించుకుంటాడు, గంధం పూసుకుంటాడు, జనంలో కలిసిపోతాడు. వేరే ఊళ్ళో గుండుతో నడిస్తే నలుగురూ తిరిగి చూస్తారు, మా ఊళ్ళో ఎవరికి పట్టింది? రహస్యం చేతులు మారేది చెప్పుల స్టాండులో. ఏజెంటు చెప్పులు వదిలి బిళ్ళ తీసుకుంటాడు. ఆ బిళ్ళను జనంలో ఇంకొకడి చేతిలో పెడతాడు. వాడొచ్చి చెప్పులు విడిపించుకుపోతాడు. కాగితం చెప్పు అట్టలో ఉంటుంది. అంతే సినిమా. ఇరవై రెండు నిమిషాలు, పదకొండు వేల ఖర్చు, అందులో నాలుగు వేలు బిర్యానీలకే. తుపాకీ ఒక్కటి కూడా లేదు. కొనే స్తోమత లేక పెట్టలేదు, వేరే గొప్ప కారణమేమీ లేదు.

మా నాన్నకు మాత్రం అది గూఢచారి సినిమాగా ఆనలేదు. 1966లో కృష్ణ గూఢచారి 116 వచ్చేటప్పటికి ఆయనకు పదకొండేళ్ళు. కృష్ణను ఆంధ్రా జేమ్స్‌బాండ్ అని పిలుచుకున్న తరం. కోటు లేదు, టోపీ లేదు, క్లబ్బు పాట లేదు, చెప్పుల బిళ్ళలు పట్టుకుని తిరిగేవాడు గూఢచారి ఎట్లా అవుతాడని ఆయన అనుమానం. అయినా మూడుసార్లు చూశాడు.

చెప్పుల స్టాండు గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఉంటుంది. అది నడిపే పెద్దాయనే సినిమాలోనూ నడిపాడు. నటించమంటే ఏం చేయాలని అడిగాడు. రోజూ చేసేదే చేయమన్నాం. "సామీ, బిళ్ళ జాగ్రత్త, పోగొడితే యాభై" అని రోజుకు వెయ్యిసార్లు అనే మాటే అన్నాడు, మొహం పైకెత్తకుండా. కెమెరా ఉన్నదన్న స్పృహే లేదు. ఆయన బిళ్ళలు రేకువి. నంబరు గుద్ది ఉంటుంది, పైన రంధ్రంలో సుతిలి దారం. గోడకు అడ్డంగా కొట్టిన చెక్కమీద వరసగా మేకులు, మేకుకో బిళ్ళ. చెప్పులు తీసుకుని ఆయన బిళ్ళ ఇచ్చేటప్పుడు బొటనవేలితో నంబరు మీద ఒకసారి రాస్తాడు, దుమ్ము తుడిచినట్టు. ఆ వేలిని నేను దగ్గరగా తీశాను. మొత్తం సినిమాలో నాకు నచ్చిన షాట్ అదొక్కటే.

ఇక నలభై ఏడు సంగతి. మొదటి భాగం చివరి షాట్‌లో మా ఏజెంటు చేతిలో ఉండాల్సింది 23. 23 నంబరు బిళ్ళే ఉంది కూడా. అయితే కౌంటరు బల్లమీద ఒక మూలన 47 పడి ఉంది. ఎవరో భక్తుడు అప్పుడే ఇచ్చి చెప్పులు తీసుకుని వెళ్ళాడు, పెద్దాయన దాన్ని మేకుకు తగిలించేలోపు మేం షాట్ మొదలుపెట్టేశాం. తీసేటప్పుడు చూడలేదు, ఎడిటింగ్‌లో చూడలేదు. చూసిన జనం మాత్రం చూశారు. 47 ఎవరిది, రెండో ఏజెంటు ఉన్నాడా, అది పెద్దాయన మనిషా అని మొదలుపెట్టారు. రెండు నెలల్లో లక్షా ముప్పై వేలమంది చూస్తే, కింద రాసినవాళ్ళలో సగంమంది 47 గురించే. పొరపాటు అని చెప్దామంటే కండక్టరు మామ నా నోరు మూయించాడు. "అడిగేవాళ్ళు ఉండారంటే మనం బాకీ పడినట్టే. తీర్చాలంతే," అన్నాడు.

ఆయనకు సీక్వెల్ మీద ఒక లెక్క ఉంది, బాండ్ సినిమాలు చూసి కట్టుకున్న లెక్క. 1962లో వచ్చిన మొదటి బాండ్ సినిమాలో విలన్ చచ్చిపోతాడు. మరుసటి ఏడాది వచ్చిన రెండోదాంట్లో ఆ విలన్ తాలూకు ముఠా, వాడి చావుకు పగ తీర్చుకోవాలనే బాండ్‌కు వల పన్నుతుంది. మొదటిదాంట్లో మిగిలిన బాకీ రెండోదాంట్లో వసూలవ్వాలి, అది లేకపోతే రెండో భాగం అని పేరు పెట్టుకోకూడదు, వేరే సినిమా తీసుకోవాలి అంటాడు మామ. నాకు ఇది అప్పుడూ నచ్చింది. అయినా చేసింది వేరు.

ముందు జుట్టు దగ్గరే చిక్కొచ్చింది. మామ రాసిన రెండో భాగం మొదటిది ముగిసిన మరుసటి పొద్దున మొదలవుతుంది. అంటే హీరో నున్నటి గుండుతో ఉండాలి. మా హీరో మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. మూడేళ్ళలో జుట్టు పెంచి, పక్కకు పాపిడి తీసి, పెళ్ళి సంబంధాలకు ఫొటోలు పంపి ఉన్నాడు. శ్రావణంలో పెళ్ళిచూపులు. "అన్నా, గుండు అంటే మా అమ్మ చంపుతాది" అన్నాడు. రబ్బరు గుండు టోపీ ఒకటి తెప్పించి తగిలించి చూశాం. ఉడకబెట్టిన గుడ్డుకు మీసాలు పెట్టినట్టుంది. వెనకనుంచి తీసే షాట్లకు డూపును పెడదామనుకుంటే, మా కెమెరా తమ్ముడు పోయిన నెలలోనే మొక్కు తీర్చుకుని వచ్చాడుగానీ వాడి మెడ హీరో మెడకు రెండింతలు. రోజూ వేలమంది గుండు చేయించుకునే ఊళ్ళో మాకు కావాల్సిన ఒక్క గుండు దొరకలేదు. చివరికి తెరమీద "మూడేళ్ళ తర్వాత" అని వేశాం. రెండు మాటలే కదా అనుకున్నాం. కానీ ఏజెంటు మూడేళ్ళు ఏం చేశాడు, శత్రువులు మూడేళ్ళు ఎందుకు ఊరుకున్నారు, బిళ్ళ మూడేళ్ళు ఎక్కడుంది అన్న ప్రశ్నలన్నీ ఆ రెండు మాటల వెనకే వచ్చి నిలబడ్డాయి. మామ మళ్ళీ మొదటినుంచి రాయాల్సివచ్చింది.

ఈసారి డబ్బు పెట్టింది హీరో బావ. చిత్తూరు దగ్గర బంగారుపాళ్యం పక్కన వాళ్ళకు మామిడి తోట. మొదటి భాగం ఆయనకు బాగా నచ్చింది. అంతగా నచ్చింది కాబట్టి దాంట్లో లేనివన్నీ రెండోదాంట్లో ఉండాలన్నాడు. తుపాకులు, డ్రోన్ షాట్లు, కారు ఛేజింగ్, చంద్రగిరి కోట. "చెప్పుల స్టాండు ఒకసారి సరే. మళ్ళీ మళ్ళీ చెప్పులేనా? ఇంగ కొంచెం రేంజ్ పెంచాల," అన్నాడు. రెండు లక్షలు ఇస్తానని మాటిచ్చి, మొదట అరవై వేలు చేతిలో పెట్టాడు. మిగతాది కాయ అమ్మినాక.

ఆ మాటంటే మాకెవరికీ భయం వేయలేదు. వేయాల్సింది. ఆ ఏడాది తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో చిత్తూరు జిల్లాలో చిన్నపిల్లలను అడిగినా చెప్తారు. గుజ్జు ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు ఇవ్వాలి, తాము నాలుగు కలుపుతాం, మొత్తం కిలోకు 12 అని ప్రభుత్వం చెప్పేవరకు వచ్చింది. కాయ కోసి ట్రాక్టరుకెత్తి ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో పెడితే ఎప్పుడు దిగుతుందో తెలియదు. బావ ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ఎత్తినప్పుడు కూడా సినిమా గురించి అడగాలంటే మాకే సిగ్గనిపించేది.

కోట సంగతి త్వరగానే తేలిపోయింది. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. షూటింగ్‌కు ముందే దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, డిపాజిట్ కట్టాలి. లెక్క చూస్తే మొదటి భాగం బడ్జెట్ ఒక పూటకు చాలదు. ఫోన్లో దొంగగా తీద్దామన్నాడు హీరో. రాజమహల్ ముందు కోటు వేసుకుని పరుగెత్తేవాడు దొంగగా ఎట్లా కనబడతాడో నాకు అర్థం కాలేదు. డ్రోన్ ఇంకా కష్టం. మా పెళ్ళి డ్రోన్ అబ్బాయి ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో చూపే మ్యాపు ఫోన్లో తెరిచి చూపించాడు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. రేణిగుంటలో విమానాశ్రయం, పైన కొండ. కొండ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేస్తే ఏమవుతుందో వాడికి బాగా తెలుసు, అందుకే వాడి డ్రోన్ ఇంకా వాడి దగ్గరే ఉంది. చివరికి బావ తోట మీద ఎగరేశాం. మామిడి చెట్ల తలలు పైనుంచి ఆకుపచ్చ ఇడ్లీల్లా కనబడ్డాయి. ఆ షాట్ తొమ్మిది సెకన్లు. అంతర్జాతీయ ముఠా స్థావరం అని కింద పేరు వేశాం.

తుపాకులు మాత్రం వచ్చాయి. నాలుగు డమ్మీలు, చెన్నై నుంచి. ఇనుపరంగు వేసి ఉన్నాయి, చేతిలో పట్టుకుంటే బరువు కూడా బాగానే ఉంది. ఇవి వచ్చిన రోజు మేం నలుగురం అద్దం ముందు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డామో చెప్పుకోవడానికి నామోషీగా ఉంది. మూడో రాత్రి జీవకోన వైపు, కొండ అడుగున ఒక ఖాళీ స్థలంలో ఫైటు పెట్టుకున్నాం. పది దాటింది. ఇద్దరు నల్లచొక్కాలు వేసుకుని పొదల్లోకి పరుగెత్తాలి, హీరో వెంటపడాలి. రెండో టేకుకే జీపు వచ్చి ఆగింది. ఎవరో ఫోన్ చేశారట, ఎర్రచందనం వాళ్ళు తుపాకులతో దిగినారని.

తప్పు మాదే. 2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతర పేల్చిన ఊరిది. కొండమీద కమాండోలు కాపలా ఉండే ఊరు. శేషాచలం అడవి అంచున రాత్రిపూట పరుగెత్తితే ఎందుకు పరుగెత్తుతున్నావని అడగడానికి ఒక టాస్క్‌ఫోర్సే ఉంది. అక్కడ చెప్పకుండా తుపాకీ పట్టుకుని తిరిగితే సినిమా అని ఎవరనుకుంటారు? స్టేషన్లో పొద్దున మూడు దాకా కూర్చోబెట్టారు. ఒక ఎస్సై గారు మొదటి భాగాన్ని ఫోన్లో పెట్టించుకుని మొత్తం చూశారు. చూసి, "దీంట్లో తుపాకుల్లేకనే బానే ఉంది కదయ్యా" అన్నారు. నేను తలూపాను. డమ్మీలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి, కాగితం రాసిచ్చి మరుసటి వారం తెచ్చుకున్నాం. తర్వాత ఫైట్లన్నీ మా పెద్దనాన్న మిద్దె మీద, పగలు, నాలుగు పక్కలా షామియానా గుడ్డలు కట్టి తీశాం. రాత్రిలా కనబడాలని రంగు నీలంగా మార్చాను. వెనక ఆరేసిన చీరలు కూడా నీలంగానే వచ్చాయి.

కారు ఛేజింగ్‌కు డబ్బు రాలేదు. జులై మొదటివారంలో బావ ఫోన్ చేసి, "డబ్బులైతే లేవు. ట్రాక్టర్లు ఉండాయి, కావల్నా?" అన్నాడు. వెటకారానికే అన్నాడు. మేం నిజంగానే పోయాం.

గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళే రోడ్డు పక్కన ట్రాక్టర్లు కనుచూపు మేర ఉన్నాయి. ముందు రోజు నుంచి నిలబడినవి కొన్ని, అంతకుముందు నుంచి ఉన్నవి కొన్ని. ట్రాలీల కింద చాపలు పరిచి పడుకున్నవాళ్ళు, టార్పాలిన్ నీడన పేకాడుతున్నవాళ్ళు, టిఫిన్ క్యారేజీలో సంగటి తెచ్చిన ఆడవాళ్ళు. ఎండకు మగ్గిన కాయ వాసన, పులుపూ తీపీ కలిసి గొంతులో పట్టుకునే వాసన. ట్రాలీ అడుగునుంచి రసం బొట్లు బొట్లుగా రోడ్డుమీద కారుతోంది, దాని చుట్టూ ఈగలు. మామ అక్కడే, ఒక ట్రాలీకి ఆనుకుని, ఫోన్లో సీను రాశాడు. వెంటపడుతున్న ఇద్దరూ కారులో వస్తారు. ఏజెంటు పరుగెత్తడు. ఒక ట్రాక్టరు ఎక్కి తలకు తువాలు చుట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంటాడు. క్యూ కదలదు. శత్రువులు ఒక్కొక్క ట్రాక్టరూ చూసుకుంటూ వస్తుంటారు. క్యూ అప్పుడూ కదలదు.

ట్రాక్టరు డ్రైవరుగా నిజం డ్రైవరే. శత్రువు వచ్చి "ఈయన ఎవరు?" అని అడగాలి, డ్రైవరు "మా బామ్మర్ది" అనాలి. మేం చెప్పింది అంతవరకే. ఆయన ఆగకుండా, "మా బామ్మర్దే. రెండు దినాలుగా ఈడే ఉండాం. నీకేమన్నా టోకెన్ ఇప్పించే పలుకుబడి ఉంటే చెప్పు, లేకపోతే పో" అన్నాడు. శత్రువు వేషంలో ఉన్న మా కెమెరా తమ్ముడికి నవ్వాగలేదు. వెనక్కి తిరిగి కారు దాకా నవ్వుకుంటూ పోయాడు. వీపు మాత్రమే కనబడుతుంది కాబట్టి కోపంతో ఊగిపోతున్నట్టు వచ్చింది. ఒకటే టేకు. రెండోది తీసే ధైర్యం ఎవరూ చేయలేదు, క్యూ కదులుతుందేమోనని భయం.

మాటల విషయంలో బావతో గట్టిగా గొడవపడాల్సింది, పడలేదు. మొదటి భాగంలో అందరూ మా మాటే మాట్లాడారు, "యాడికి పోతాండావు", "ఇంగెప్పుడొస్తావు" అంటూ. రెండోది హైదరాబాద్‌లోనూ చూడాలి కాబట్టి మంచి తెలుగు కావాలన్నాడు బావ. హీరో నా స్టూడియోలో బొంతలు కప్పుకుని డబ్బింగ్ చెప్పాడు. ఉక్కపోతకు చొక్కా విప్పి, చెమటలు కక్కుతూ, "దేశభద్రత ప్రమాదంలో ఉంది, మనకు సమయం లేదు" అని. వింటే పొద్దున ఏడు గంటల రేడియో వార్తల్లా ఉంది. ట్రాక్టరు డ్రైవరు గొంతు మాత్రం లొకేషన్లో రికార్డయిందే ఉంచాను, ఆయనను మళ్ళీ పట్టుకోవడం కుదరక. ఒకే సీనులో ఒకడు వార్తలు చదువుతాడు, ఇంకొకడు బతికి ఉన్న మనిషిలా మాట్లాడతాడు.

ఇక కోత. మొదటి కూర్పు ముప్పై తొమ్మిది నిమిషాలు వచ్చింది. ముప్పై ఐదు దాటకూడదని అందరం అనుకున్నాం. తుపాకుల మీద పెట్టిన డబ్బు తెరమీద కనబడకపోతే బావకు ఏం మొహం చూపించాలి? ఫైట్లు కోయలేను. ట్రాక్టరు సీను కోస్తే నా చెయ్యి విరిగిపోవాలి. మిగిలింది చెప్పుల స్టాండు.

ఆ సీనులో మూడేళ్ళ తర్వాత ఏజెంటు పెద్దాయన దగ్గరికి వస్తాడు. 47 గూటిలో ఒక జత చెప్పులు ఇంకా ఉన్నాయి, దుమ్ము లేకుండా. బిళ్ళ తీసుకున్నవాడు తిరిగి రాలేదు. "వస్తాడులే సామీ. చెప్పులు ఈడ ఉంటే మనిషి యాడికి పోతాడు?" అంటాడు పెద్దాయన. ఏజెంటు ఆ చెప్పుల అట్ట విప్పితే లోపల కాగితం. దానిమీద రాత తనదే. అంటే మూడేళ్ళ కింద తాను పంపిన కబురు అందాల్సినవాడికి అందనేలేదు. మామ ఆ ఒక్క పొరపాటు బిళ్ళ కోసం ఇంత అల్లాడు. కానీ సీను నెమ్మది. ముందు ఫైటు, వెనక ఫైటు, మధ్యలో ఒక ముసలాయన చెప్పులు తుడుస్తుంటాడు. రాత్రి ఒంటిగంటకు, నాలుగో టీ తాగి, "పేస్ పడిపోతోంది" అనుకుని తీసేశాను. కలిపి చూస్తే కథ సాఫీగా పోతున్నట్టే అనిపించింది. రోజుకు పది గంటలు పెళ్ళి వీడియోలు కోసే చేతికి తాళి కట్టే ముక్క తప్ప మిగతావన్నీ కోయదగ్గవిగానే కనబడతాయి. మామకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "బాకీ చీటీ చించేసినావు గదరా," అని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

అప్పటికి ఆగస్టు. 14న వార్ 2, కూలీ ఒకేరోజు వచ్చాయి. 2019లో వచ్చిన హిందీ సినిమాకు కొనసాగింపు, అందులో మన ఎన్టీఆర్ అంటే ఊళ్ళో హడావుడి మామూలుగా లేదు. వారం తిరిగేసరికి టీకొట్టు దగ్గర మాట మారిపోయింది. అనుకున్నంత లేదని పెదవి విరిచినవాళ్ళే ఎక్కువ. ఇద్దరు పెద్ద హీరోలు, దేశాలు తిరిగి తీసిన ఫైట్లు, అయినా ఏదో ఆనలేదని ఒకడు, ఎన్టీఆర్‌ను ఇంకోలా వాడాల్సిందని ఒకడు, మొదటిదే బాగుందని ఇంకొకడు. నేను పక్కన నిలబడి టీ తాగుతూ ప్రతి మాటా మా సినిమా గురించే అన్నట్టు విన్నాను. టీకొట్టాయన నన్ను చూసి, "మీది గూడా పార్ట్ టూనే గదా, ఎప్పుడు?" అన్నాడు. మింగిన టీ కిందికి దిగలేదు.

చవితి 27న. మా వీధి పందిట్లో రాత్రి ఎనిమిదిన్నరకు వేశాం. రెండొందల మంది దాకా ఉన్నారు, వాళ్ళలో సగంమంది పిల్లలే. మొదటి ఫైటుకు ఈలలు పడ్డాయి. రెండో ఫైటుకు సగం ఈలలు. మూడో ఫైటు వచ్చేసరికి గుగ్గిళ్ళు పంచుతున్నారని ఎవరో అన్నారు, పిల్లలంతా లేచిపోయారు. నీలం చీరలు చూసి మా పెద్దమ్మ "అవి మనింటివే" అని గట్టిగా అంది. హీరో దేశభద్రత డైలాగు చెప్పగానే వెనకనుంచి ఎవరో "వార్తలు సమాప్తం" అన్నారు. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ట్రాక్టరు క్యూ రాగానే మాత్రం గుగ్గిళ్ళ దగ్గరనుంచి కూడా తిరిగొచ్చారు. డ్రైవరు డైలాగుకు మగవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి మామిడి తోటలున్నాయి. తర్వాత 47 అడిగిన పిల్లోడు. వాడి తర్వాత వాడి అక్క. వాళ్ళ తర్వాత మా నాన్న, మిగతావాళ్ళందరికీ వినబడేలా. కోటు ఉంది, తుపాకీ ఉంది, ఇప్పుడన్నా నచ్చిందా అని ఇంటికొచ్చాక అడిగాను. "కృష్ణ అయితే ఆ బిళ్ళ సంగతి తేల్చేవాడు," అన్నాడు.

అదే రాత్రి యూట్యూబ్‌లో పెట్టాం. ఏ నిమిషం దగ్గర ఎంతమంది మిగిలారో గీత గీసి చూపిస్తుంది అది. మా గీత మొదటి ఫైటులో కొండ దిగినట్టు దిగింది, రెండో ఫైటులో ఇంకా దిగింది, ట్రాక్టర్ల దగ్గర కాస్త లేచి, మళ్ళీ పడుకుంది. ట్రాక్టర్ల దగ్గర లేచింది కూడా మొదటినుంచి చూస్తున్నవాళ్ళ వల్ల కాదు, ఎవరో ఆ ముక్క లింకు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పంపితే నేరుగా అక్కడికే వచ్చి చూసి పోయారు. పది రోజులకు పద్దెనిమిది వేలమంది. మొదటి భాగంలో ఏడోవంతు. కింద రాసినవాళ్ళు మర్యాదగానే అడిగారు, 47 ఏమైందని. మర్యాద లేకుండా అడిగినవాళ్ళూ అదే అడిగారు. హీరోకు మాత్రం ఒక లాభం జరిగింది. పెళ్ళిచూపులకు వెళ్ళిన ఇంట్లో పిల్ల తమ్ముడు వీడియో చూసి ఉన్నాడు. వార్తల డైలాగు చెప్పించుకున్నారట. సంబంధం కుదిరింది.

బావ ఏమీ అనలేదు. అంటాడని సిద్ధపడి వెళితే, ట్రాక్టరు సీను తన ఫోన్లో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. తుపాకుల గురించి ఎత్తితే, "అవి పెట్టమన్నది నేనే గదా, వదిలేయ్" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గేసింది. ఎందుకంటే చెప్పుల సీను తీసేయమని ఆయన అననేలేదు. ఆయన అంటాడేమో అని నేనే ముందుగా తీసేశాను.

దసరా సెలవుల్లో ఆ నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు విడిగా పెట్టాం. ఇంతకుముందే పెట్టకుండా దాచినారని తిట్టినవాళ్ళు కొందరు. జవాబు బాగుందన్నవాళ్ళు కొందరు. ఏమీ లేకుండా ఉంటేనే బాగుండేదన్నవాళ్ళు కూడా ఉన్నారు. మూడేళ్ళు వాళ్ళే ఊహించుకున్న కథల ముందు మాది తేలిపోయిందట. మామ ఈ చివరివాళ్ళ మాట విని ఎందుకో సంతోషపడ్డాడు. ఎందుకని అడిగితే బస్సుకు టైమయిందన్నాడు.

పెద్దాయనకు వీడియో చూపిద్దామని స్టాండుకు వెళ్ళాను. వెళ్ళేముందు హార్డ్‌డిస్కు కోసం డ్రాయరు లాగితే, కేబుళ్ళ మధ్య సుతిలి దారం కనబడింది. లాగితే 47 వచ్చింది. రెండో భాగం షూటింగ్ రోజు దగ్గరి షాట్ల కోసం ఇంటికి తెచ్చుకుని, తిరిగి ఇవ్వడం మరిచిపోయానన్నమాట. జేబులో వేసుకుని వెళ్ళాను. పెద్దాయన జనంలో ఉన్నాడు. బిళ్ళ చేతికిస్తే తీసుకుని, ఎప్పట్లాగే బొటనవేలితో నంబరు మీద రాశాడు. వెనక చెక్కమీద 46కూ 48కీ మధ్య మేకు ఖాళీగా ఉంది. దానికి తగిలించాడు.

"పోయిందనుకుని కొత్తది కొట్టించుకోలేదా తాతా?" అన్నాను.

"ఎందుకు సామీ? అది యాడికి పోయిందని అడిగేవోళ్ళు వస్తానే ఉండారు. సినిమాకి పోయింది, వస్తాదని చెప్తా ఉండా," అని, నా వెనక నిలబడిన ఆమె చెప్పులు తీసుకుని 47 ఆమె చేతిలో పెట్టాడు. "బిళ్ళ జాగ్రత్తమ్మా. పోగొడితే యాభై."